బల్ల అంచు దగ్గర ఆగిపోయాను

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. వడ్రంగి పని చేసిన మీ నాన్నగారి గురించి వ్యాసం రాసి నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ అందాయి. ఒకసారి చదివి పక్కన పెట్టేశాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. మూడు రోజుల తరువాత ఒక రాత్రి పడుకోబోతుంటే నీ తొమ్మిదో పేజీలోని వాక్యం గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. దీపం వేసుకుని, కాగితాలు వెతికి, మళ్ళీ చదివాను. “నేను పరీక్షలకు చదువుతున్నప్పుడు బల్ల అంచు ఒరుసుకుని నా ముంజేతుల మీద ఎర్రటి చారలు పడుతున్నాయని చూసి, నాన్న ఒక రాత్రి నేను నిద్రపోయాక ఆ అంచును చిత్రిక పట్టి గుండ్రంగా చేశాడు.”

ఆ వాక్యం బాగుంది. ఈ ఉత్తరం దానికోసమే.

కానీ దాని పక్కనే నువ్వు ఏం రాశావో చూడు. “ఇలాంటివి ఎన్నో.” అక్కడితో పేరా ముగించి, కింది పేరాలో మీ నాన్నగారి క్రమశిక్షణ మొదలుపెట్టావు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చేతికి అందిన దాన్ని ఎవరైనా అలా వదిలేస్తారా? ఆ రాత్రి ఎంత పొద్దుపోయింది? దీపం ఎక్కడ పెట్టుకున్నారు? చిత్రిక పడితే చప్పుడవుతుంది కదా, నీకు మెలకువ రాకుండా బల్లను బయటికి మోసుకెళ్ళారా? ఒక్కరే మోశారా, మీ అమ్మగారు రెండో వైపు పట్టుకున్నారా? తెల్లవారి నేల మీద చెక్క పొరలు కనిపించాయా, ఆయనే ఊడ్చేశారా? నువ్వు పుస్తకం తెరిచి కూర్చున్నప్పుడు ముందు కంటికి తెలిసిందా, చేతికి తెలిసిందా? వీటిలో ఒక్కదానికీ నీ పద్నాలుగు పేజీల్లో జవాబు లేదు.

“ఎన్నో” అనే మాట రచయిత చేతులు దులుపుకోవడానికి పనికొస్తుంది. నేను యాభై ఏళ్ళుగా ఆ మాటతో పోట్లాడుతున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి వ్యాసంలోనూ అది ఉంటుంది. ఎన్నో త్యాగాలు, ఎన్నో కష్టాలు, ఎందరికో ఆదర్శం. ఆ ఎన్నింటిలో ఒక్కటి చూపించమంటే కలం ఆగిపోతుంది. నీ కలం ఆగలేదు. ఒకటి చూపించావు. చూపించిన వెంటనే, అది చాలదేమోనని భయపడి దాని మీద “ఎన్నో” అనే దుప్పటి కప్పావు. ఆ దుప్పటి తీసెయ్. ఆ ఒక్క రాత్రిని రెండు పేజీలు రాయి. మిగిలిన పేజీల్లో సగం పోయినా ఫరవాలేదు.

మొదటి మూడు పేజీల్లో విశేషణాల కింద పెన్సిలుతో గీతలు గీశాను. కష్టజీవి, నిగర్వి, మితభాషి, నిరాడంబరుడు, స్నేహశీలి, ధర్మమూర్తి. మొత్తం 41. ఇవన్నీ ఊడదీసి ఒక బడిపంతులుకు తగిలించినా సరిపోతాయి, ఒక గుమాస్తాకు తగిలించినా సరిపోతాయి. మీ నాన్నగారు ఎప్పుడైనా కొలత తీసుకోకుండా తలుపు చేశారా? ద్వారబంధం దగ్గర నిలబడి, పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, కింద ఒకసారి కొలిచి ఉంటారు. బంధం ఎక్కడ ఎంత వంగిందో చూసుకుని ఉంటారు. నలుచదరంగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు, రెండో మూల నుంచి దాని ఎదుటి మూలకు కొలిచి, రెండు కొలతలూ ఒకటేనా అని చూసి ఉంటారు. అలాంటి మనిషికి నువ్వు అందరికీ పట్టే కొలత వాడావు. నన్ను బాధపెట్టింది అదే.

ఈ అలవాటు నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సంస్మరణ సంచికలు చదివి నేర్చుకున్నావు. వాటికి నేనూ రాశాను. అప్పట్లో ఒక సంపాదకుడు అచ్చువేసిన కాగితం ఒకటి పంపేవాడు. పుట్టిన తేదీ, చదువు, నిర్వహించిన పదవులు, అందుకున్న సన్మానాలు, రచనలు, పోయిన తేదీ. ఖాళీలు నింపి పంపితే వ్యాసం అల్లేవాళ్ళు. జీవితమంతా చేతులతో పనిచేసిన మనిషి విషయంలో ఆ కాగితంలో రెండు తేదీలు తప్ప ఏమీ నిండవు. అందుకని ఆయనకు పావు పేజీ. ఇప్పుడు ఆ కాగితం పోయింది కానీ దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. స్ఫూర్తి కథ అంటారు. పేదరికం, పట్టుదల, గెలుపు అని మూడు మెట్లు. మూడో మెట్టు మీద పిల్లల పెద్ద ఉద్యోగాలు ఉండాలి. అంటే తండ్రి నలభై ఏళ్ళు పట్టిన ఉలి, కొడుకు ఉద్యోగానికి ముందుమాట అన్నమాట. నీ వ్యాసం చివరి రెండు పేజీలూ అలాగే నడిచాయి. నీ ఉద్యోగం వివరాలు ఎవరికి కావాలి? అవి తీసెయ్. ఈ మాట కఠినంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను. తలుపులు చేయడం మీ నాన్నగారి జీవితంలోని అసలు సంగతి. నిన్ను చదివించడానికి పడ్డ పాట్లుగా మాత్రమే దాన్ని చూపిస్తే, ఆయన పనిని తక్కువ చేసినట్టే.

ఇప్పుడు నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే ఈ పట్టుదల దేనికో నీకు అర్థం కాదు.

మా నాన్న కంపోజిటర్. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. ఎడమ చేతిలో స్టిక్కు, అంటే అక్షరాలు వరుసగా పేర్చుకునే చిన్న ఇనుప పట్టీ, కుడి చెయ్యి కేసు మీద. కేసు అంటే గళ్ళ గళ్ళ చెక్క పళ్ళెం. మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల గళ్ళు. ఏ గడి ఎక్కడుందో ఆయన చెయ్యికి తెలుసు, కళ్ళు రాతప్రతి మీదే ఉండేవి. పేర్చిన అక్షరాలు కదలకుండా ఎడమ బొటనవేలు వాటి మీద ఆనించి ఉంచేవాడు. అక్షరం తిరగబడి ఉంటుంది, వాక్యం తలకిందులుగా ఉంటుంది. దాన్ని ఆయన నువ్వూ నేనూ పుస్తకం చదివినంత వేగంగా చదివేవాడు.

ఆ అక్షరాలు సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసినవి. ఎక్కువ పాలు సీసమే. ఆంటిమొనీ కలిపితే అక్షరం గట్టిపడుతుంది, పోత పోసినప్పుడు అంచులు పదునుగా వస్తాయి. సీసం చేతి నుంచి నోటికి, నోటి నుంచి ఒంటికి పాకుతుంది. పెద్దవాళ్ళకంటే పసిపిల్లలకు ప్రమాదం మరీ ఎక్కువ. ఇదంతా నేను తరువాత చదివి తెలుసుకున్నాను. మా నాన్నకు ఎవరు చెప్పారో తెలియదు కానీ తెలుసు. పని నుంచి వచ్చేసరికి మా చెల్లెలు వాకిట్లోనే ఎదురుపరుగెత్తి ఆయన మోకాళ్ళు వాటేసుకునేది. అప్పుడు నాన్న రెండు చేతులూ పైకెత్తేసేవాడు. ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు, తలకంటే పైకి. దాని తల మీద చెయ్యి వేసేవాడు కాదు. ఆ చిన్నది మోకాళ్ళకు వేలాడుతుంటే అలాగే, చేతులు గాలిలో ఉంచుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నీళ్ళ తొట్టి దాకా నడిచేవాడు. సబ్బు రుద్ది, గోళ్ళ సందుల్లో పుల్లతో గీరి, మళ్ళీ సబ్బు రుద్ది, చేతులు తుడుచుకుని, అప్పుడు ఎత్తుకునేవాడు. నా చిన్నతనమంతా, ప్రతి సాయంత్రం ఇదే.

ఆయన పోయిన ఏడాది నేను రాసిన వ్యాసంలో ఇది లేదు. “మా నాన్నకు పిల్లలంటే ప్రాణం” అని ఉంది. అది నా చేతులతో నేనే రాశాను. ఆ పైకెత్తిన చేతులు రాయడానికి నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది. అంతకాలం అవి నా కళ్ళ ముందు లేవా అంటే ఉన్నాయి. అది రాయదగిన విషయమని తోచలేదు. గొప్ప విషయాలు ఇంకెక్కడో ఉంటాయనుకున్నాను. నీకు అంతకాలం పట్టకూడదనే ఇంత ఆవేశంగా రాస్తున్నాను. నువ్వు ఇరవై నాలుగేళ్ళకే బల్ల అంచును చూశావు. చూసి దాటిపోయావు.

ఇక నీ వ్యాసంలోని రెండు ఉపశీర్షికలు. “వృత్తి జీవితం”, “కుటుంబ జీవితం”. రెండూ కొట్టెయ్. ఆ బల్ల అంచు ఏ శీర్షిక కింద పెడతావు? అంచును చిత్రిక పట్టడం వృత్తి. కూతురి ముంజేతుల మీద చారలు చూడటం కుటుంబం. చారలు చూసింది తండ్రే అయినా, వాటికి కారణం అంచు పదునని పోల్చుకున్నది వడ్రంగి. వేరొక తండ్రి అయితే చేతుల కింద గుడ్డ వేసుకోమనేవాడు. మా నాన్న గోళ్ళు గీరుకోవడం కూడా అంతే. నువ్వు గీత గీసి విడగొట్టిన చోట ఆ మనుషులకు గీత లేదు.

జాన్ హారిసన్ అనే ఆయన గురించి చదివావా? ఇంగ్లాండులో 1693లో పుట్టిన వడ్రంగి, వడ్రంగి కొడుకు. సముద్రం మీద ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలుసుకునే పద్ధతి కనిపెట్టిన వాళ్ళకు 20,000 పౌండ్ల వరకు బహుమతి ఇస్తామని అక్కడి పార్లమెంటు 1714లో చట్టం చేసింది. బయల్దేరిన చోటి సమయానికీ ఓడ ఉన్నచోటి సమయానికీ తేడా తెలిస్తే రేఖాంశం తెలుస్తుంది కాబట్టి, ఓడ ఎంత ఊగినా, చలీ వేడీ ఎంత మారినా సరైన సమయం చూపించే గడియారం ఉంటే ఆ పని అవుతుంది. ఆయన జీవితం దానికే ధారపోశాడు. ఆయన గురించి రాసేవాళ్ళు చాలామంది ఆ బహుమతి కోసం జరిగిన తగాదా దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. నాకు నచ్చే సంగతులు రెండు వేరే ఉన్నాయి. ఒకటి, చిన్నవయసులో ఆయన చేసిన చెక్క గడియారాల్లో ఇరుసులు తిరిగే చోట లిగ్నమ్ వీటే అనే కొయ్య వాడాడు. అది నూనె తానే ఊరే కొయ్య. ఆ కాలపు గడియారపు నూనెలు జిగురుగా మారి యంత్రాన్ని పట్టేసేవి. కొయ్యల గుణం తెలిసినవాడు కాబట్టి అసలు నూనె అక్కరలేని గడియారం చేశాడు. 1722 ప్రాంతంలో ఒక గుర్రపుశాల గోపురం మీద పెట్టిన గడియారం 300 ఏళ్ళ తరువాత కూడా నడుస్తోంది. రెండోది, ఆయన నాలుగో సముద్ర గడియారాన్ని 1761లో పరీక్ష కోసం జమైకాకు పంపినప్పుడు ఆయనకు 68 ఏళ్ళు. ఓడ ఎక్కలేదు. గడియారం వెంట కొడుకు విలియం వెళ్ళాడు. 81 రోజుల్లో అది తప్పింది 5 సెకన్లు. ఆ 81 రోజులూ గడియారాన్ని కనిపెట్టుకుని ఉన్నది, తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకున్న కొడుకు. ఇది గడియారం కథా, తండ్రీకొడుకుల కథా? ఎవరైనా విడదీయగలిగితే నీ ఉపశీర్షికలు ఉంచుకో.

మాటల సంగతి. నీ వ్యాసంలో “పనిముట్లు” అనే మాట పదకొండు సార్లు ఉంది. ఉలి రెండుసార్లు. చెక్కను చెక్కే బాడిస అసలు లేదు. కుసి లేదు, బెజ్జం లేదు, మూలమట్టం లేదు, చేవ లేదు. వడ్రంగి ఇంట్లో పుట్టినదానివి, ఈ మాటలు నీ చెవుల్లో లేకుండా ఉండవు. వదిలేశావంటే పాఠకుడికి అర్థం కాదని ఎవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. మా నాన్న గురించి రాసిన ఆ వ్యాసంలో గాలీ, ఫారం, స్టిక్కు అన్న మాటలన్నింటినీ కొట్టేసి, వాటి బదులు “ముద్రణ సామగ్రి” అని వేసి అచ్చువేశాడు ఒక సంపాదకుడు. ఎందుకయ్యా అంటే పాఠకుడి కోసం అన్నాడు. ఆ పాఠకుడెవరో నాకు ఇంతవరకూ కనపడలేదు. నాకు కనపడిన పాఠకులు తెలియని మాట వస్తే ఆగుతారు, పక్కనున్న వాక్యం చూసి ఊహిస్తారు, తెలిసినప్పుడు సంతోషిస్తారు. ఆ సంతోషం వాళ్ళకు దక్కకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. అచ్చులో ఆ వ్యాసం చూసుకుని, అది మా నాన్న కాదనిపించి, ఆ సంచిక ఇంట్లో ఎవరికీ చూపించలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు.

మాట ఉంచి, పని చూపించు. కుసి అంటే ఏమిటో నువ్వు నిర్వచనం ఇవ్వనక్కరలేదు. మీ నాన్నగారు తలుపు చట్రంలోని అడ్డ కమ్మి చివర చెక్కను రెండు పక్కలా తొలిచి, మందంలో మూడో వంతు నాలుకలా మిగిల్చి, దాన్ని నిలువు కమ్మిలోని బెజ్జంలోకి దిగగొట్టారని రాస్తే చదివేవాడికి కుసి కళ్ళ ముందు ఉంటుంది. ఎంత బిగువుగా ఉండాలి? చేత్తో నొక్కితే దిగిపోతే వదులు, సుత్తితో బలంగా కొడితేగాని దిగకపోతే బెజ్జం పగులుతుంది. ఆ మధ్య బిగువు ఆయనకు ఎలా తెలిసేది? చప్పుడును బట్టా? చేతికి తగిలే అదురును బట్టా? “నాన్నది నైపుణ్యం” అని రాశావే, ఆ నైపుణ్యం అక్కడ ఉంది, ఆ చప్పుడులో.

“ప్రాచీనమైన వృత్తి” అని కూడా ఒకచోట రాశావు. ఊరికే అనేస్తే అది గాలిమాట. జర్మనీలో లైప్‌జిగ్ పరిసరాల్లో తవ్వినప్పుడు 7,000 ఏళ్ళ కిందటి బావులు బయటపడ్డాయి. లోపలి గోడలు ఓకు దుంగలు. కొన్నిచోట్ల వాటిని కలిపిన తీరు కుసి, బెజ్జమే. లోహం ఇంకా చేతికి రాని కాలం. రాతి బాడిసలతో అంత బిగువుగా తొలిచారు. ఆ చేతుల పేర్లు మనకు తెలియవు. మీ నాన్నగారి చేతులు చేసిన అతుకు, వాళ్ళు చేసిన అతుకు ఒకటే. ఇంత నిర్దిష్టంగా చెప్పగలిగితే ప్రాచీనం అను, లేకపోతే మానెయ్.

ఇంకొక మాట నన్ను ఆపింది. “నాన్న చేతిలో తప్పు అనేది ఎన్నడూ జరగలేదు.” ఇది నిజం కాదు. నిజమయ్యే వీలు లేదు. చెక్క చచ్చిన తరువాత కూడా కదులుతూనే ఉంటుంది. తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. అందుకే తలుపు రెక్కలో నడిమి పలకను కమ్మీల గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చోబెడతారు. జిగురు పెట్టి బిగిస్తే పలక తన దారిన తాను ముడుచుకునే వీలు లేక నిలువునా చీలిపోతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివితే తెలిసేది కాదు. పచ్చి చెక్కతో పనిచేసి, ఒకటో రెండో పలకలు చీలి, చేయించుకున్నవాళ్ళు గుమ్మం ముందుకొచ్చి అరిచిన తరువాతే ఏ వడ్రంగికైనా ఒంటపడుతుంది. మీ నాన్నగారికి ఎవరు అరిచారు? ఆయన ఆ తలుపును వెనక్కి తెచ్చి ఏం చేశారు? రెండో తలుపు ఊరికే చేసి ఇచ్చారా? ఆ రోజు ఇంట్లో ఎలా ఉన్నారు? ఆయనతో కలిసి పనిచేసిన వాళ్ళు ఎవరైనా ఉంటే వెళ్ళి అడుగు. “మా నాన్న గొప్పతనం చెప్పండి” అని అడిగితే నీకు నీ 41 విశేషణాలే తిరిగొస్తాయి. “ఆయన చెడగొట్టిన పని ఒకటి చెప్పండి” అని అడుగు. వాళ్ళు నవ్వుతారు, తరువాత చెప్పడం మొదలుపెడతారు, ఇక ఆపరు.

పలక సంగతి చెబుతున్నప్పుడే నాకు ఒకటి తోచింది. నీ వ్యాసంలో నాన్నగారిని నాలుగు వైపులా జిగురు పెట్టి బిగించేశావు. ఆయన కదలడానికి చోటు లేదు. వ్యాసంతో పాటు పంపిన ఉత్తరంలో ఒక మాట రాశావు కదా, ఆయన తన ఉలిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదని, మీ అన్నయ్య ఒకసారి దాన్ని మేకు పీకడానికి వాడితే అంచు విరిగిందని, ఆ రోజు ఆయన అన్న మాటకు మీ అన్నయ్య మళ్ళీ ఆ పనిలోకి రాలేదని. వ్యాసంలో అది లేదు. రాయవచ్చా అని అడిగావు. రాయి. ఆ ఉలి మీది ప్రేమా, కొడుకు మీది కోపమూ ఒకే మనిషివి. రాత్రి పూట కూతురి బల్ల అంచును గుండ్రంగా చేసిన మనిషే పగటిపూట కొడుకును అంత మాట అన్నాడంటే, పాఠకుడు ఆయన్ని తక్కువగా చూడడు. ఆయన పక్కన కూర్చుంటాడు. ఆ మాట ఏమిటో నాకు కూడా రాయలేదు నువ్వు. వ్యాసంలో రాయి.

మా నాన్న దగ్గర నేను రాయడం ఎలా నేర్చుకున్నానో చెబుతాను. నా మొదటి కథను ఆయనే కంపోజ్ చేశాడు, ఆయన పనిచేసే అచ్చాఫీసులోనే ఆ పత్రిక అచ్చయ్యేది. రాత్రి ఇంటికి వచ్చి, చేతులు కడుక్కుని, కూర్చుని, “‘హృ’ అయిపోయింది” అన్నాడు. అర్థం కాలేదు. నా కథలో హృదయం ఎన్నిసార్లు వచ్చిందంటే కేసులో ఆ గడి ఖాళీ అయిందట. పక్క ఫారం, అంటే అచ్చు కోసం బిగించి ఉంచిన పేజీలు, విప్పి అక్షరాలు కేసులోకి వచ్చేదాకా పని ఆపాల్సి వచ్చిందట. ఆయన నా కథ బాగుందనలేదు, బాగాలేదనలేదు. “అన్నిసార్లు ఎందుకు వచ్చింది?” అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని కథలో హృదయం ఉన్న ప్రతిచోటా ఆ మనిషి అప్పుడు ఏం చేశాడో రాసుకుంటూ పోయాను. మర్నాడు ఆయన ఆ పేజీలు విప్పి మళ్ళీ పేర్చాడు. ఆ పేర్పుకు ఆయనకు ఎవరూ కూలి ఇవ్వలేదు. ఆఫ్‌సెట్టూ కంప్యూటరూ వచ్చి ఆ కేసులన్నీ మూలపడ్డాయి, అక్షరాలను తూకానికి అమ్మి కరిగించేశారు. ఆయన స్టిక్కు ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని ఎడమ చేతిలో పట్టుకుంటే బొటనవేలు ఆనే చోట ఇనుము నునుపుదేలి ఉంటుంది. ఆయన గురించి రెండోసారి రాయడానికి ముందు దాన్ని రోజూ కాసేపు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నువ్వూ అదే పని చెయ్యి. మీ నాన్నగారి పెట్టె ఇంట్లోనే ఉందని రాశావు. తెరువు. ఉలి బయటికి తియ్యి. అంగడిలో అదే వెడల్పుది కొత్త ఉలి ఒకటి కొని పక్కన పెట్టు. పాతది పొట్టిగా ఉంటుంది. సాన మీద నూరిన ప్రతిసారీ వెంట్రుకవాసి ఉక్కు అరుగుతుంది. నలభై ఏళ్ళలో అది ఎన్ని అంగుళాలు తగ్గిందో స్కేలు పెట్టి కొలువు. ఆ తగ్గిన ఉక్కు ఎక్కడికి పోయింది? ఏ తలుపుల్లోకి, ఏ మంచాల్లోకి, ఏ ఉయ్యాలల్లోకి పోయిందో లెక్క రాసుకో. పిడిని పిడికిట్లో పట్టుకో. ఆయన అరచెయ్యి ఎక్కడ ఆనిందో అక్కడ చెక్క నల్లబడి మెరుస్తూ ఉంటుంది. నీ చెయ్యి అక్కడ సరిపోతుందో లేదో చూడు. తరువాత, వెతికి ఒక పాత చెక్కముక్క తెచ్చుకుని, ఒక్క బెజ్జం తొలువు. నాలుగు గోడలూ నిటారుగా రావు. చెయ్యి బొబ్బలెక్కుతుంది. ఫరవాలేదు. అప్పుడు నీకు వచ్చే క్రియాపదాలు నిఘంటువులో వెతికితే దొరకవు. ఆ కొత్త ఉలిని మాత్రం మేకు పీకడానికి వాడకు.

మీ అమ్మగారి గురించి. పద్నాలుగు పేజీల్లో ఆమె రెండుసార్లు కనిపించారు. రెండుసార్లూ “అమ్మ సహకారంతో” అనే ఉంది. ఆమెకు ఆయన పని గురించి నీకంటే, ఆయన తోటివాళ్ళకంటే ఎక్కువ తెలుసు. నలభై ఏళ్ళు ఆ చొక్కాలు ఉతికింది ఆమె. జేబుల్లో ఏముండేవో తెలుసు. మడతల్లో ఏ రోజు పొట్టు ఎర్రగా ఉండేదో, ఏ రోజు తెల్లగా ఉండేదో, ఏ చెక్క పొట్టు వాసన వదిలేది కాదో తెలుసు. ఏ రంపపు చప్పుడు వింటే ఆయన చిరాకులో ఉన్నారో తెలుసు. పని లేని నెలల్లో ఆయన ఆ పెట్టె ముందు కూర్చుని, పదునుగా ఉన్న ఉలినే మళ్ళీ నూరుతుంటే ఆమె ఏమీ మాట్లాడకుండా ఎలా తిరిగేవారో ఆమెకే తెలుసు. ఆమె చెప్పేది రాసుకో. మధ్యలో అడ్డుపడకు. ఏడిస్తే ఆపి, మర్నాడు మళ్ళీ కూర్చో.

శీర్షిక మార్చు. “ఆదర్శమూర్తి మా నాన్న” అన్న పేరుతో నాకు తెలిసి వందమంది తండ్రులు ఉన్నారు. కొత్త పేరు నేను చెప్పను. రెండో ప్రతి రాసేసరికి నీకే దొరుకుతుంది.

రెండో ప్రతి తొందరపడి పంపకు. ఆరు నెలలు తీసుకో. నేను ఇక్కడే ఉంటాను. కాగితానికి ఎడమ పక్క నాలుగు వేళ్ళ మార్జిను వదులు, నాకు రాయడానికి చోటుండాలి.

రాయడం మొదలుపెట్టే ముందు మాత్రం ఒకటి కనుక్కుని నాకు కార్డు ముక్క రాయి. వడ్రంగి చెవి మీద పెన్సిలు లేకుండా ఉండడు. నీ పద్నాలుగు పేజీల్లో ఆ పెన్సిలు లేదు. మీ అమ్మగారిని అడుగు, ఆయన దాన్ని ఏ చెవి మీద పెట్టుకునేవారు?

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి